పెట్టెలోని గిటారు



వస్తువులమీద మనస్సు పెట్టరాదని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ప్రసంగములలో వింటిమి, ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పుచున్నాము. అయితే తన నాగలిని శుభ్రముగా తుడిచి చూరు క్రింద భద్రపరచు రైతును చూచి, ఇతడు వస్తువును ప్రేమించుచున్నాడని మనలో ఎవరమును తప్పు పట్టము. తల్లి యిచ్చిన ఇత్తడి బిందెను ముప్పది సంవత్సరములు తోమి కాపాడుకొన్న స్త్రీని లోభియని అనము. మరి వస్తువుమీద ఏ ప్రేమ తప్పు, ఏ ప్రేమ ఒప్పు? ఈ ప్రశ్న నాకు ఊరకనే పుట్టలేదు. ఒక పాత గిటారు విషయమై నేనొక మంచివానిని నొప్పించిన తరువాత పుట్టినది. ఆ సంగతి దాచక వ్రాయుచున్నాను.

మా పల్లె నల్లగొండ వైపున ఉన్నది. నేను అక్కడి బడిలో చాలకాలము ఉపాధ్యాయుడనై యుండి పని విరమించినవాడను. మా మందిరములో హార్మోనియము, డోలకు, గంజీర, తాళములు కలవు. సంఘములో పదునాలుగేండ్ల పిల్లవాడొకడు సెల్ ఫోనులో చూచి గిటారు నేర్చుకొనుచుండెను. వానియొద్ద ఉన్నది ఎవరో పారవేసిన గిటారు. దాని మెడ వంగిపోయి, తీగలు మెట్లమీద చాల ఎత్తుగా లేచి యుండెను. వాటిని నొక్కి నొక్కి పిల్లవాని వ్రేళ్లు పుండ్లు పడెను. అది చూడలేక అయ్యగారితో, "నా దగ్గర చదువుకొన్నవాడొకడు హైదరాబాదులో గిటారు వాయించి బ్రతుకుచున్నాడు, అతనిని అడిగి వచ్చెదను" అని చెప్పి బయలుదేరితిని.

హైదరాబాదులో అమీర్‌పేట అనగానే కంప్యూటరు చదువులు చెప్పుదుమను బోర్డులు మేడలనిండ కనబడును. అక్కడినుండి రాయదుర్గము వైపు పోవు మెట్రో రైలులో ఒక్క స్టేషను ముందుకు పోయినచో మధురానగరు వచ్చును. దాని తరువాతిది యూసుఫ్‌గూడ. ఆ ప్రక్కనే సినిమా పనివారు అనేకులు కాపురముండు కృష్ణానగరు ఉన్నది. అందువలన పాటల రికార్డింగులకు వాయించువారికి ఈ చుట్టుప్రక్కల నివాసము అనుకూలముగా నుండును. నా శిష్యుడు మధురానగరు సందులో నొక మేడమీద రెండు గదులు అద్దెకు తీసికొని యున్నాడు. పగలు పిల్లలకు గిటారు నేర్పును. పిలుపు వచ్చిన దినమున రికార్డింగునకు పోవును. ఆదివారము ఆరాధనలో జీతము లేక వాయించును.

అతని లోపలి గదిలో ఎండ పడకుండ మందపు తెర కట్టియుండెను. గోడ వెంబడి ఏడు గిటారు పెట్టెలు వరుసగా నిలువబెట్టి యుండెను. "ఏడు ఎందుకురా? నీకున్నవి రెండు చేతులే గదా" అంటిని. అతడు నవ్వి, "సంపాదనకు ఒకటే సార్. మిగిలిన ఆరూ ఇష్టం కొద్దీ" అని యొక్కొక్క పెట్టెయే తెరచి చూపెను.

అవి యేవియు పేరు పొందినవి కావు. ఒకటి చికాగో నగరపు హార్మనీ కంపెనీది. ఆ కంపెనీ 1892లో మొదలై, సామాన్యులకు చవుకగా గిటారులు చేసి, 1975లో మూతపడినదని అతడు చెప్పెను. రెండు మన కలకత్తాలో చేసినవి; మన పల్లె మందిరములలో గిటారు పట్టిన అనేకులు అటువంటి వాటిమీదనే మొదట నేర్చుకొన్నారు. మిగిలిన వాటిలో ఒకదానికి పేరే లేదు. లోపల అంటించిన చీటీ యెప్పుడో ఊడిపోయినది. పెన్సిలుతో వ్రాసిన ఒక అంకె మాత్రము కనబడుచుండెను. సికింద్రాబాదులో ఒక కుటుంబమువారు ఇల్లు ఖాళీ చేయుచుండగా పాత సామానుతో కలిపి అమ్మినప్పుడు దానిని కొన్నాడట. దాని పై పలక తేనె రంగునకు తిరిగియున్నది. అతడు దానిని మీటగా, ఎవరో ముసలివారు దగ్గర కూర్చుండి మెల్లగా మాటలాడినట్లు వినబడెను.

"పేరున్నవి కొనుటకు శక్తి లేక వీటిని కొన్నావా?" అని అడిగితిని. "అదీ కొంత నిజమే సార్" అని ఒప్పుకొని, స్వీడను దేశమునుండి అమెరికాకు వలసపోయిన కార్ల్, ఆగస్ట్ లార్సన్ అను అన్నదమ్ముల సంగతి చెప్పెను. వారు 1900 మొదలుకొని చికాగోలో ఒక చిన్న పనిశాలను తమదిగా నడిపిరి. ఇద్దరే చాలవరకు చేతితో పనిచేసిరి. కాని తమ వాద్యములలో ఒక్కదానిమీదనైనను తమ పేరు వేసికొనలేదు. మౌరర్ అని, ప్రెయరీ స్టేట్ అని, యూఫోనన్ అని, ఇంకను అమ్మకపువారు కోరిన పేర్లతో అవి సంతకు పోయెను. తమ్ముడు 1944లో మరణించుటతో ఆ పని నిలిచిపోయెను. వారి గిటారుల విలువ లోకమునకు తరువాత తెలిసినది. ఇప్పుడు వాటికి గొప్ప వెల పలుకుచున్నది. "పేరు లేని దీన్ని ఎవరు చేశారో నాకు తెలియదు. కానీ లోపల అద్దం పెట్టి చూడండి సార్, ఎవరూ చూడని చోట కూడా ఎంత నునుపుగా చెక్కాడో" అని నా చేతికొక చిన్న అద్దము నిచ్చెను. చూచితిని. నిజమే. పలక అడుగున అంటించిన సన్నని బద్దలు, ఎవరి కంటికిని కనబడనివి, చివరలవరకు శ్రద్ధగా సన్నము చేయబడి యుండెను.

చదువరులారా, ఇది మనకు క్రొత్త సంగతి కాదు. బొబ్బిలి వీణ యని ఊరి పేరు దేశమంతట వినబడును గాని, పనసచెక్కను తొలిచి దానిని చేసిన గొల్లపల్లి వడ్రంగి పేరు వినువారెందరు? మన మందిరపు తలుపులు చేసిన వడ్రంగి పేరు మనలో ఎందరికి తెలియును? పేరు లేని పనివాని పనిని గుర్తించి గౌరవించు ప్రేమ మంచి ప్రేమయే. అంతవరకు నా శిష్యుని చూచి నేను సంతోషించితిని.

పిమ్మట నేను పిల్లవాని సంగతి చెప్పితిని. అతడు వెంటనే, "కొత్త గిటారు కొని పంపుతాను సార్, ఈ వారంలోనే" అనెను. అక్కడితో నేను కృతజ్ఞత చెప్పి లేచియుండవలసినది. కాని నా చూపు ఆ పేరులేని గిటారుమీద నిలిచి, "క్రొత్తదెందుకు? ఏడు ఉన్నవి గదా, దీనిని ఇయ్యి" అంటిని. అతని ముఖము మాడిపోయెను. కొంతసేపు తల వంచుకొని, "అది మాత్రం అడగొద్దు సార్" అనెను. నాకు కోపము వచ్చెను. "పూజ యొక్కటే తక్కువరా నీకు. చెక్కముక్కను దేవుని చేసికొంటివి" అంటిని. అతడు మారుమాట పలుకలేదు. టీ తెచ్చి యిచ్చెను. నా సంచి తానే మోసికొని స్టేషనువరకు వచ్చి రైలెక్కించెను.

చెప్పిన ప్రకారము వారములోనే క్రొత్త గిటారు పార్సెలులో వచ్చెను. పిల్లవాడు ఎగిరి గంతులు వేసెను. సంఘమువారు నన్ను మెచ్చుకొనిరి. నాకు మాత్రము నెమ్మది లేకపోయెను. పిల్లవాని అక్కర తీరినది గదా. మరి నేను ఆ పాతదానినే ఎందుకు అడిగితిని? ఆలోచింపగా తెలిసినది. నేనడిగినది పిల్లవానికొరకు కాదు. అతడు దానిని ఎంతగా ప్రేమించుచున్నాడో చూచి, అతని చేతినుండి దానిని విడిపించి అతని హృదయమును పరీక్షింపగోరితిని. పొరుగువాని హృదయమును పరీక్షించు పని నాకెవరు ఇచ్చిరి? ఒకడు తన వస్తువును ఇచ్చివేయవలెనని మనము పట్టుబట్టునప్పుడు, అక్కర కొరకు అడుగుచున్నామా, లేక అతడు మనకంటె మంచివాడు కాడని ఋజువు చేయుటకు అడుగుచున్నామా అని మొదట మనలను మనమే అడుగుకొనవలెను.

ఆ దినములలోనే మరియొకటి జరిగినది. మా యింటిలో నొక చెక్క బీరువా కలదు. అందులో నేను ముప్పదియేండ్లు కూర్చుకొన్న పుస్తకములు కలవు. బడిపిల్లలు వచ్చి అడిగినప్పుడు, చేతులు మురికి, పుటలు చింపుదురు అని నేను ఇచ్చెడివాడను కాను. దాని తాళపుచెవి నా మొలత్రాటికే యుండెడిది. నెలల తరువాత ఏదో పుస్తకము కావలసి తెరచితిని. క్రింది వరుస అంతయు చెదలు తినివేసినవి. అట్టలు నిలిచియున్నవి, లోపల మన్ను ఉన్నది. పిల్లల చేతులనుండి వాటిని కాపాడితిని గాని, చెదలనుండి కాపాడలేకపోతిని. మధురానగరులో నా శిష్యునితో అన్న మాట నాకు జ్ఞాపకము వచ్చెను. అతడైనను తన గిటారును దినదినము తీసి వాయించుచున్నాడు. నేను నా పుస్తకములను చదువనైన చదువక తాళము వేసితిని.

నేను ఫోను చేసి అతనిని క్షమాపణ అడిగితిని. చదువు చెప్పినవాడు శిష్యుని క్షమాపణ అడుగుట మన దేశములో సులభము కాదు. అయినను అడిగినప్పుడు గుండె తేలికయ్యెను. అతడు చాలసేపు మాటలాడెను. ఇంతకుముందు ఒక స్నేహితునికి ఒక పాత గిటారును వారము దినములకు ఇచ్చెనట. అతడు దానిని ఎండలో నిలిపిన కారులో వదలి పోయెనట. తిరిగి వచ్చునప్పటికి పై పలక నిలువున చీలి, బ్రిడ్జి ఊడి వచ్చెనట. మన వీణలో గుఱ్ఱమనబడు భాగమే గిటారులో బ్రిడ్జి. "అతను చెడ్డవాడు కాదు సార్. దాని సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు" అనెను.

అప్పుడతడు వాద్యపు కష్టమును నాకు వివరించెను. ఇనుపతీగలు ఆరును శ్రుతిలో నున్నప్పుడు వాటి లాగుడు అంతయు కలిపి సుమారు 70 నుండి 80 కిలోలుండును. అనగా ఒక పెద్దమనిషి రేయింబవళ్లు ఆ పలుచని పలకమీద వ్రేలాడుచున్నట్లే. ఆ పలక మందము మూడు మిల్లీమీటర్లకు మించదు. మందముగా చేసినచో విరుగదు గాని పలుకదు; మరీ పలుచన చేసినచో పలుకును గాని నిలువదు. గాలిలో తేమ హెచ్చినచో చెక్క ఉబ్బును. ఎండకు బిగుసుకొని చీలును. కాలము గడచిన కొలది చెక్కలోని కొన్ని పదార్థములు మెల్లగా విడిపోయి అది కొంచెము తేలికగును, తేమను తక్కువగా పీల్చును. పాత గిటారు మధురముగా పలుకుటకు ఇదియొక కారణమని చెప్పుదురు.

"అయితే పాతదే గొప్పదని నిశ్చయమా?" అని అడిగితిని. ఆ ప్రశ్నకు అతడిచ్చిన ఉత్తరము నాకు మిక్కిలి నచ్చినది. ఇంగ్లండులోని లాంకస్టర్ విశ్వవిద్యాలయమువారు 2018లో నొక పరీక్షా ఫలితమును ప్రకటించిరట. ఒకే విధముగా చేసిన ఆరు గిటారులకు వెనుకభాగమున ప్రక్కలయందు మాత్రము వేరువేరు చెక్కలు వేయించిరి. ఒకటి మిక్కిలి ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్డు, ఒకటి మన దేశపు రోజ్‌వుడ్డు, అనగా మనము జిట్రేగి యనునది; మిగిలినవి చవుకరకములు. 52 మంది గిటారు వాయించువారికి మసక వెలుతురులో, వెల్డింగు అద్దాలు పెట్టి, ఏది ఏదో తెలియనీయక వాయింపజేసిరి. వారు అన్నిటికిని దాదాపు ఒకే విధముగా మార్కులు వేసిరి. ఖరీదైన చెక్కను వేరుచేసి గుర్తింపలేకపోయిరి. "నా చెవి కూడా అలాగే మోసపోతుందేమో సార్. అయినా ఇదంటే నాకు ఇష్టం. గొప్పదని కాదు" అనెను.

నూటయేబది సంవత్సరముల క్రిందటనే స్పెయిను దేశపు ఆంటోనియో డి టోరెస్ ఈ సంగతిని వేరొక విధముగా చూపియుండెను. 1817లో పుట్టిన ఆ వడ్రంగియే నేటి గిటారు ఆకారమునకు మూలపురుషుడని చెప్పుదురు. ఆయన 1862లో నొక గిటారు చేసి, పై పలకను మాత్రము మంచి చెక్కతో వేసి, వెనుకభాగమును ప్రక్కలను కాగితపు గుజ్జుతో చేసెను. ధ్వనికి ముఖ్యమైనది పై పలకయే యని చూపుటకు అట్లు చేసెనట. ఆ గిటారు ఇప్పుడు బార్సిలోనా నగరపు సంగీత ప్రదర్శనశాలలో నున్నది. కంటికి కనబడు వైభవము వేరు, స్వరము పుట్టుచోటు వేరు. వాద్యముల విషయములోనే గాక మనుష్యుల విషయములోను ఇది మరచిపోరాదు.

అట్లు చూచినప్పుడు, పాత గిటారుల ప్రేమలో రెండు విధములు కనబడుచున్నవి. 2020 జూను నెలలో అమెరికాలో వేలము వేయగా, కర్ట్ కోబేన్ అను పేరుగాంచిన గాయకుడు వాయించిన 1959వ సంవత్సరపు మార్టిన్ గిటారు ఒకటి 60 లక్షల డాలర్లకు పైగా పలికినది. ఆ వెల చెక్కకు కాదు, పేరుకు. ఇది ఒక విధము. విల్లీ నెల్సన్ అను మరియొక గాయకుడు 1969లో కొన్న మార్టిన్ గిటారును దశాబ్దముల తరబడి వాయింపగా వాయింపగా పై పలకకు పెద్ద రంధ్రమే పడినది. ఆయన దానిని పారవేయలేదు, దాచి పెట్టలేదు. మరమ్మతు చేయించుచు దానిమీదనే పాడుచు వచ్చెను. ఇది మరియొక విధము. మొదటిదానిలో వస్తువు మనుష్యుని గొప్పచేయును. రెండవదానిలో మనుష్యుడును వస్తువును కలిసి పనిచేసి కలిసి ముసలివారగుదురు.

అయినను వాడుట మంచిది, దాచుట చెడ్డది అని తేల్చివేయుట అంత సులభము కాదు. మార్టిన్ కంపెనీ సంగతియే వినుడి. దానిని స్థాపించిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో జర్మనీ దేశమున పుట్టి, 1833లో అమెరికాకు వలసపోయి, 1830ల చివరి సంవత్సరములలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి నజరేతు ఊరి దగ్గర స్థిరపడెను. ఆ ఊరు మొరేవియను సహోదరులు కట్టుకొన్న గ్రామము గనుక దానికి ఆ పేరు పెట్టిరి. మార్టిన్ వంశమువారు ఇప్పటికిని అక్కడనే గిటారులు చేయించుచున్నారు. వారికొక ప్రదర్శనశాలయు కలదు. 1870లలో చేసిన గిటారునొకదానిని ఆ ప్రదర్శనశాలవారు "ది హేట్‌ఫుల్ ఎయిట్" అను సినిమాకొరకు ఎరువిచ్చిరి. 2015లో ఆ సినిమా విడుదలయ్యెను. చిత్రీకరణలో పగులగొట్టవలసినది నకలు గిటారు. అసలుదానిని తీసి నకలు చేతికిచ్చు నంతలోపలనే నటుడు అసలుదానినే స్తంభమునకు వేసి కొట్టి ముక్కలు చేసెను. అది అసలుదని అతనికి తెలియదు. ఆ వార్త వినిన పిమ్మట, ఇక సినిమాలకు ఎప్పుడును ఎరువియ్యమని ప్రదర్శనశాలవారు ప్రకటించిరి.

వారిని మనము నిందింపగలమా? నిందింపలేము. ఆ గిటారు మరల రాదు. నా శిష్యుడు ఒకసారి నష్టపడి చేయి ముడుచుకొన్నాడు. వారును అట్లే చేసిరి. అయితే ఈ రెండు నష్టములకును కారణమొక్కటే యని గమనింపుడి. కారులో వదలినవాడును, స్తంభమునకు కొట్టినవాడును దుర్మార్గులు కారు. తమ చేతిలో ఏమున్నదో వారికి తెలియదు. వస్తువు ఒకని చేతినుండి మరియొకని చేతికి పోయెను. దానినిగూర్చిన తెలివి పోలేదు. ఇచ్చువాడు ఇచ్చెను గాని నేర్పలేదు. నేర్పక ఇచ్చుట సగము ఇచ్చుటయే.

ఈ మాట నేను చెప్పినది కాదు. నా శిష్యుడే చేసి చూపెను. మేము ఫోనులో మాటలాడిన రెండు నెలలకు, నేను అడుగకయే, ఒక శనివారమునాడు అతడు ఆ పేరులేని గిటారును వీపున వేసికొని బస్సులో మా ఊరికి వచ్చెను. ఆదివారము ఆరాధనలో దానిని వాయించెను. తరువాత పిల్లవానిని దగ్గర కూర్చుండబెట్టుకొని రెండు దినములు నేర్పెను. పాట నేర్పుటకు ముందు కాపాడుట నేర్పెను. రేకుల కప్పు క్రింద మధ్యాహ్నపు వేడిలో ఉంచరాదు. తడి గోడకు ఆనించరాదు. వాయించిన తరువాత చెమట తుడువవలెను. చాల దినములు వాయింపనిచో తీగలు కొంచెము వదులు చేయవలెను. ఎండకాలములో, రంధ్రములు చేసిన చిన్న డబ్బాలో తడిపి పిండిన స్పాంజి పెట్టి గిటారు పెట్టెలో నుంచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఏదైన చెడిపోయినచో భయపడి దాచక ఆ దినమే చెప్పవలెను. "పగిలిందని చెప్తే నేను తిట్టను. దాచిపెడితేనే బాధపడతాను" అని పిల్లవానితో అనెను. ఆరు నెలలు ఉంచుకొమ్మని చెప్పి తాను వట్టి చేతులతో బస్సెక్కెను. బస్సు కదలునప్పుడు అతని కన్నులు పిల్లవానిమీద గాక గిటారు పెట్టెమీదనే యుండెను. దానిని చూచి నేనిక నవ్వలేదు, నిందింపలేదు. ప్రియమైనదానిని ఇచ్చువానికి నొప్పి యుండును. నొప్పి లేనిచోట ఇచ్చినది మిగులు మాత్రమే.

శ్రావణమాసపు వానలలో బ్రిడ్జి అంచు ఒకవైపు కాగితము దూరునంత లేచెను. పిల్లవాడు ఏడ్చుచు నాయొద్దకు వచ్చెను. ఇద్దరము అప్పుడే ఫోను చేసితిమి. అతడు నిట్టూర్చెను గాని కోపపడలేదు. తీగలు వదులు చేయించి, పిల్లవానిని గిటారుతో కూడ మధురానగరునకు తీసికొని రమ్మనెను. అక్కడ పిల్లవాడు చూచినది నేనును చూచితిని. పూర్వపు పనివారు చెక్కను పశుచర్మమునుండి తీసిన వజ్రముతో అతికెడివారు. వేడియు ఆవిరియు తగిలినచో అది మెత్తబడి విడిపోవును. అది లోపము కాదు. తరువాత వచ్చువాడు విప్పి బాగుచేయగలుగుటకు అది అనుకూలము. నా శిష్యుడు వేడిచేసిన పలుచని కత్తితో బ్రిడ్జిని మెల్లగా లేపి, పాత వజ్రమును గోకి తీసి, క్రొత్తది పూసి, బిగింపులు పెట్టి ఒక దినమంతయు ఆరనిచ్చెను. పిల్లవాడు కన్ను ఆర్పక చూచెను. మరునాడు తీగలు బిగించి శ్రుతి చేయగా గిటారు పూర్వమువలెనే పలికెను. మరల పిల్లవాని చేతికే దానినిచ్చి పంపెను.

దీనినిబట్టి నాకు తోచినది చెప్పెదను. వస్తువును ప్రేమించుట దానంతట అది పాపము కాదు. చెక్కను, ఇనుమును శ్రద్ధగా చూడనివాడు మనుష్యులను మాత్రము శ్రద్ధగా చూచునని నమ్ముట కష్టము. అయితే మన ప్రేమ ఏ జాతిదో తెలిసికొనుటకు ఒక గుర్తు కలదు. "నావలె దీనిని ప్రేమించువాడు మరియొకడు పుట్టవలెను" అని కోరు ప్రేమ మంచిది. "నేనొక్కడనే దీని విలువ ఎరిగినవాడను" అని సంతోషించు ప్రేమలో గర్వము కలదు. పేరులేని వస్తువును ప్రేమించువానికిని ఈ గర్వము రావచ్చును. లోకము గుర్తింపనిదానిని నేను గుర్తించితినని మురిసిపోవచ్చును. మొదటి ప్రేమ నేర్పును. రెండవది తాళము వేయును. యజమానుడిచ్చిన తలాంతును మంటిలో పాతిపెట్టినవాని ఉపమానము మనకందరికి తెలిసినదే. అతడు దానిని పోగొట్టలేదు, పాడుచేయలేదు; జాగ్రత్తగానే దాచెను. అయినను గద్దింపబడెను.

సంఘపు పెద్దలారా, మీ మందిరపు బీరువాలో పిల్లలు ముట్టరాదని తాళము వేసిన హార్మోనియము ఉన్నదా? దానిని తీసి, తుడుచుట ఎట్లో, బెల్లోసు మెల్లగా నొక్కుట ఎట్లో ఒక పిల్లకు నేర్పుడి. తల్లులారా, మీ కోడలికి బిందె నిచ్చునప్పుడు దానిని చింతపండుతో తోముట కూడ చూపుడి. రైతులారా, మీ కుమారుని చేతికి పలుగు నిచ్చునప్పుడు దాని పదునునుగూర్చి కూడ చెప్పుడి. ఇతరుల వస్తువును ఎరువు తెచ్చుకొన్నవారలారా, అది చెడినచో ఆ దినమే పోయి చెప్పుడి. ఇచ్చినవాని చేయి మరల తెరచియుండుటయు, ముడుచుకొనుటయు మీ సత్యముమీద ఆధారపడియున్నది.

నా బీరువాకు ఇప్పుడు తాళము లేదు. చెదలు తినగా మిగిలిన పుస్తకములను పిల్లలు తీసికొని పోవుచున్నారు. రెండింటికి పుటలు చినిగినవి. అంబలి జిగురుతో అతికించుట వారికి నేర్పితిని. ఆ గిటారు గడువు ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయినది. పోయిన పండుగకు వచ్చిన నా శిష్యుని, "తిరిగి తీసికొని పోవా?" అని అడిగితిని. అతడు పిల్లవాడు వాయించుట కొంతసేపు విని, "ఇప్పుడొద్దు సార్. వాడు ఇంకొకరికి నేర్పాక చూద్దాం" అనెను.